రిజిస్టర్లు ఏడు, నడిచే క్లబ్బు ఒక్కటీ లేదు

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయోసైన్స్ టీచర్ని. ఈ జూన్‌లో బడి తెరవగానే మా హెచ్.ఎం. సార్ క్లబ్బులన్నిటికీ నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. ఎకో, సైన్స్, మ్యాథ్స్, సోషల్, ఇంగ్లిష్, హెల్త్, లైబ్రరీ అని కాగితం మీద ఏడు క్లబ్బులున్నాయి. ఏడింటికీ రిజిస్టర్లు, మినిట్స్, పిల్లల సంతకాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ మీటింగులు ఎప్పుడూ జరగలేదని పిల్లలే నాతో చెప్పారు. పైనుంచి ఫలానా దినోత్సవం అని మెసేజ్ వస్తే బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి గ్రూపులో పెట్టడమే పని. నాకు నిజంగా నడపాలని ఉంది. కానీ స్టాఫ్ తక్కువ, టెన్త్‌కి స్పెషల్ క్లాసులు, సాయంత్రం బస్సు పోతుందని పిల్లలు ఆగరు. పోయినేడు మొక్కలకు నీళ్లు పోయించారని ఒక తండ్రి వచ్చి “మా పిల్లను పనికి పంపుతున్నామా, చదువుకు పంపుతున్నామా” అని గొడవ చేశాడట. ఎక్కడ మొదలుపెట్టాలి? నా వల్ల కాకపోతే ఈ బాధ్యత వద్దని చెప్పొచ్చా?

— ఒక టీచర్

సమాధానం:

టీచర్ గారూ, మీ చివరి ప్రశ్నకు చివర్లోనే వస్తాను. ఏడు క్లబ్బులు నడపడం ఏ ఒక్క మనిషి వల్లా అయ్యే పని కాదు. ఈ ఏడాదికి ఒక్కటి పట్టుకోండి. మిగతా ఆరు రిజిస్టర్లు బీరువాలో ఉండనివ్వండి, వాటి గురించి నిద్ర పాడు చేసుకోకండి.

కానీ ఒక పని మాత్రం రేపటి నుంచే ఆపేయండి. జరగని మీటింగుకు పిల్లల చేత సంతకం పెట్టించొద్దు. ఎనిమిదో తరగతి పిల్ల “కార్యదర్శి” అన్న మాట కింద తన పేరు మొదటిసారి రాసేది ఆ రిజిస్టర్లోనే. ఆ పేజీలో ఉన్నది అబద్ధమని ఆ పిల్లకు తెలుసు, పెట్టమన్న టీచరుకూ తెలుసు. ప్లాస్టిక్ వాడొద్దని మనం ఎన్నిసార్లు చెప్పినా, క్లబ్బు పేరుతో ఆ పిల్ల నిజంగా నేర్చుకున్నది ఆ సంతకమే. మీటింగు జరగని నెలలో “ఈ నెల సమావేశం జరగలేదు” అని ఒక్క లైను రాసి మీరే సంతకం పెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే కారణం చెప్పుకోవచ్చు. అన్ని పేజీలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండిన రిజిస్టరు చూసి నమ్మేవాళ్లు ఎవరూ లేరు, చూసీ చూడనట్టు పోతారు, అంతే.

ఇన్ని పేర్లు ఎలా పోగయ్యాయో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక అందులో యూత్ క్లబ్, ఎకో క్లబ్ అని ఇంకో పద్దు తెరిచారు. 2019లో బడి తోటలకు విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. ఈ మధ్య ఎకో క్లబ్బుకు మిషన్ లైఫ్ అన్న పేరు కూడా తగిలించారు. పథకం మారినప్పుడల్లా ఒక పేరు, ఒక రిజిస్టరు పెరిగాయి తప్ప, పనిచేసే పిల్లలు మాత్రం ఎప్పుడూ అదే ముప్పై మంది. మీ బడి వెనకాల ఒక్క ఆకుకూర మడి నిజంగా బతికి ఉంటే అది ఎకో క్లబ్బు రిజిస్టర్లోకీ ఎక్కుతుంది, హెల్త్ క్లబ్బులోకీ ఎక్కుతుంది. వేసిన గింజలెన్ని, మొలిచినవెన్ని అని లెక్క తీస్తే మ్యాథ్స్ వాళ్లకూ పనికొస్తుంది. ఏ రిజిస్టర్లోనూ అబద్ధం రాయక్కర్లేదు.

ఇక ఏ క్లబ్బు అన్నది. “మీకు ఏ క్లబ్ ఇష్టం” అని పిల్లల్ని అడగకండి. మీరు బయోసైన్స్ టీచర్ కాబట్టి “ఎకో క్లబ్ టీచర్” అని కోరస్‌గా చెప్తారు. తలో చీటీ ఇచ్చి, పేరు రాయొద్దని చెప్పి, “ఈ బడిలో నీకు రోజూ చిరాకు తెప్పించేది ఏంటి” అని రాయమనండి. బాత్రూముల గురించి చాలా చీటీలు వస్తాయి, ముఖ్యంగా ఆడపిల్లల నుంచి. అది పిల్లల క్లబ్బు తీర్చే సమస్య కాదు. ఆ చీటీలన్నీ విడిగా తీసి హెచ్.ఎం. గారికీ, బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకీ ఇవ్వండి. ఇచ్చామని పిల్లలకు చెప్పండి, లేకపోతే రెండోసారి చీటీ అడిగితే తెల్ల కాగితం ఇస్తారు. మిగిలిన చీటీల్లో పిల్లల చేతుల్లో ఉన్నవి రెండు మూడు దొరుకుతాయి. ప్లేట్లు కడిగే చోట నీళ్లు నిలిచి వాసన వస్తోంది, లైబ్రరీ బీరువా ఎప్పుడూ తాళం వేసే ఉంటోంది, ఇలాంటివి. అందులో ఒకటి ఎంచుకోమని వాళ్లకే వదిలేయండి. వాళ్లు ఎంచుకున్నది మీకు నచ్చకపోయినా సరే.

టైము సంగతి. సాయంత్రం అనేది మర్చిపోండి. పక్క ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఆ ఒక్క బస్సు పోతే ఇంట్లో చెప్పుకోవాల్సిన సమాధానాలు ఎన్నో మీకు తెలియంది కాదు. బడి అయ్యాక నడిపే క్లబ్బు చివరికి ఊళ్లో ఉండే మగపిల్లల క్లబ్బు అయి కూర్చుంటుంది. శనివారం చివరి పీరియడ్ టైం టేబుల్లో రాయించుకోండి. 2023లో మన రాష్ట్రంలో నెలకు ఒక శనివారం, నాలుగోది, బ్యాగు లేని రోజుగా పెట్టారు. దాన్ని చూపించి అడిగితే హెచ్.ఎం. గారు కాదనలేరు. నోటిమాటగా ఇచ్చిన పీరియడ్‌ను మాత్రం నమ్ముకోకండి. సిలబస్ వెనకబడిందని మొదట లాక్కునేది దాన్నే.

టెన్త్ పిల్లల్ని అడగనే అడగకండి. వాళ్ల స్పెషల్ క్లాసులతో మీరు పోటీ పడలేరు, పడకూడదు కూడా. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఇరవై మంది చాలు, ఏడో తరగతి నుంచి ఓ నలుగురిని కలుపుకోండి. వచ్చే ఏడాది క్లబ్బును చేతికి తీసుకునేది వాళ్లే. అధ్యక్షుడు, కార్యదర్శి అని ఎన్నికలు పెడితే క్లాస్ ఫస్టు వచ్చే ఇద్దరే గెలుస్తారు. వాళ్లు ఇప్పటికే లీడర్లు, ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పేవాళ్లు, ఆగస్టు 15న ఉపన్యాసం ఇచ్చేవాళ్లు. చీటీలు తీయండి, నెలనెలా మార్చండి. పరీక్షలో పదిహేను మార్కులు దాటని పిల్లవాడు వరుసగా ఒక నెల తాళంచెవి భద్రంగా పెట్టి చూపిస్తాడు. స్టాఫ్ రూంలో ఎవరూ నమ్మరనుకోండి, చూసి నమ్ముతారు.

ఆ తండ్రి దగ్గరికి వద్దాం. ఆయన మాటలో సగం న్యాయముంది. మన బడుల్లో “క్లబ్బు” పేరు మీద జరిగేది చాలాసార్లు ఉచితంగా పని చేయించుకోవడమే. చీపురు ఆడపిల్లల చేతిలో ఉంటుంది, మైకు మగపిల్లల చేతిలో ఉంటుంది. బకెట్లు మోసే పిల్లలు ఎవరు, ఫొటోలో ముందు వరుసలో నిలబడే పిల్లలు ఎవరు అని ఒక వారం ఊరికే గమనించండి. కులం కూడా కనిపిస్తుంది. ఎవరూ కావాలని చేయకపోవచ్చు. చెప్పగానే లేచి చేసే పిల్లలకే మళ్లీ మళ్లీ చెప్తాం, వాళ్లు ఎవరో తలెత్తి చూడం. అందుకే పనుల వంతులు చీటీల ప్రకారమే పడాలి, ఆ వంతుల పట్టిక గోడ మీద ఉండాలి. నీళ్లు పోయడం, ఊడ్చడం, లెక్క రాయడం, గ్రూపుకు ఫొటో తీయడం అన్నీ అందులో ఉండాలి. టీచర్ వంతు కూడా పెట్టండి. మీరు ఒక రోజు బకెట్ పట్టుకుంటే ఇలాంటి గొడవలు చాలావరకు రావు.

ఇంకోటి, మొక్క ఎవరిదో తేలాలి. జులైలో వనమహోత్సవం అని నాటిన మొక్కలు ఏప్రిల్ 24 తర్వాత సెలవుల్లో ఎండిపోయి, జూన్ 12న బడి తెరిచేసరికి పుల్లలై ఉంటాయి. మళ్లీ అవే గుంతల్లో కొత్త మొక్కలు పెడతాం. పిల్లలకు ఇది తెలుసు, అందుకే వాళ్లకు దాని మీద మనసు ఉండదు. చెట్లు నాటాలంటే ముందు సెలవుల్లో నీళ్లు పోసేది ఎవరో తేల్చుకుని, అంతకే నాటండి. బడి పక్కనే ఇళ్లున్న ముగ్గురు పిల్లలు ఒప్పుకుంటే మూడు చెట్లు. యాభై వద్దు. మిగతా చోటులో ఆకుకూరలు వేయించండి. తోటకూర నెల తిరక్కుండా కోతకు వస్తుంది, పాలకూర కూడా దాదాపు అంతే. దసరా సెలవుల ముందే కోసేలా లెక్క చూసుకుని గింజలు చల్లమనండి, ఆ లెక్క పిల్లల్నే వెయ్యమనండి. ప్లేట్లు కడిగిన నీళ్లను కాలువ తీసి మడికి మళ్లిస్తే వాసన గోలా పోతుంది, బకెట్లు మోసే గోలా పోతుంది. మెతుకులు అడ్డం పడకుండా దారిలో ఒక జల్లెడ, దాన్ని రోజూ దులపడానికి వంతు. ఆ కూర వంట అక్కల చేతికి ఇచ్చి, పప్పులో అది పడితే, భోజనాల దగ్గర ఆ రోజు సందడి వేరుగా ఉంటుంది. ఆ తండ్రిని ఆ రోజు భోజనానికి పిలవండి. ఒప్పించాలని చూడొద్దు, పెట్టి పంపండి చాలు.

అన్నట్టు, ఎంత అన్నం పారేస్తున్నారో తూకం వేయించాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. మంచి పనే. కానీ ఆ అంకెలు గోడ మీద పెట్టకండి. ఎవరో ఫొటో తీసి బయట పెడితే మాట పడేది వంట అక్కలే.

సైన్స్ వైపు ఏదైనా చేయాలని పిల్లలు అడిగితే, పైసా ఖర్చు లేనిది ఒకటి చెప్తాను. మీరున్న చోటికి ఇది అచ్చంగా సరిపోతుంది. జులైలో మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందని తొమ్మిదో తరగతిని అడగండి. ఉత్తరానికి అంటారు, లేదా అసలు పడదంటారు. ఎండ వచ్చిన రోజు మీటరు పొడవు తిన్నని కర్రను ఇసుక నింపిన బకెట్లో నిలబెట్టించండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిలువుగా ఉందో లేదో తెలిసిపోతుంది. పన్నెండింటి నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసన చాక్‌పీసుతో చుక్క పెట్టమనండి. అన్నిటికంటే పొట్టి నీడ పన్నెండూ ఇరవై ప్రాంతంలో వస్తుంది. జులై మొదట్లో అది పది సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, పడేది దక్షిణం వైపు. ఎందుకంటే సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్లి ఉన్నాడు. రోజులు గడిచేకొద్దీ ఆ నీడ ఇంకా కుంచించుకుపోతుంది. హైదరాబాద్‌లో ఆగస్టు 3 ప్రాంతంలో, మీకు దాదాపు ఒక రోజు తర్వాత, నిలువు కర్రకు కాసేపు నీడే ఉండదు. ఆ తర్వాతి వారం చూస్తే నీడ ఉత్తరానికి మారి ఉంటుంది.

భూమధ్యరేఖకూ కర్కట రేఖకూ మధ్య ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు ఇలా జరుగుతుంది. మన దగ్గర మొదటిది మే రెండో వారం లోపలే వచ్చిపోతుంది, అప్పుడు బడులుండవు. ఆగస్టుది మాత్రం బడి రోజుల్లోనే వస్తుంది. మబ్బు పట్టిందంటే ఆ రోజు పోయినట్టే, వానాకాలం కాబట్టి పట్టే అవకాశమే ఎక్కువ. అందుకే ఒక్క రోజు మీద పెట్టుకోకుండా జులై నుంచే ఎండ కాసిన ప్రతి మధ్యాహ్నం ఇద్దరిద్దరు చుక్కలు పెట్టాలి. ఒక రోజు ఎండ దొరకదు, ఇంకో రోజు ఎవరో బంతి తగిలించి కర్ర పడేస్తారు, మరో రోజు చాక్‌పీసు గుర్తులు వానకు కొట్టుకుపోతాయి. ఆ నోటుబుక్కులో ఖాళీలు ఉండాలి, ఎందుకు ఖాళీయో రాసి ఉండాలి. ఎలాగూ ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి కదా. చార్టు మీద గూగుల్ బొమ్మ అతికించి తెచ్చిన ప్రాజెక్టు బదులు ఈ నోటుబుక్కు తీసుకోండి. తల్లిదండ్రులకు చూపించడానికి ఇంతకంటే మంచి జవాబు ఉండదు. క్లబ్బు పనే మార్కుల పని అయిందంటే సబ్జెక్టు టీచర్లు కూడా పీరియడ్ ఇవ్వడానికి ముఖం చిట్లించరు.

ఫిబ్రవరికి పిట్టల లెక్క ఒకటి ఉంది. ప్రపంచమంతా ఒకే నాలుగు రోజులు పెరటి పిట్టల్ని లెక్కపెడతారు. పదిహేను నిమిషాలు ఒక చోట కూర్చుని చూసినవి చూసినట్టు రాయడమే. గోరువంక, పికిలిపిట్ట, ఏట్రింత, జెముడుకాకి, అదృష్టం బాగుంటే మన రాష్ట్ర పక్షి పాలపిట్ట. పేర్ల దగ్గర మీకంటే పశువులు కాసే ఇంటి పిల్లలే ముందుంటారు.

బడి పిల్లల సైన్స్ ఐడియాలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుల గురించి మీరు అడగలేదు గానీ, సైన్స్ క్లబ్ అనగానే హెచ్.ఎం. గారు దాని గురించే అడుగుతారు. బడి నుంచి ఐదు ఐడియాల వరకు పంపొచ్చు, ఎంపికైన పిల్లలకు పది వేల రూపాయలు వస్తాయి. ఏటా వెళ్లేవాటిలో తాగితే స్టార్ట్ కాని బండీ, హెల్మెట్ పెట్టుకుంటేనే నడిచే బండీ ఉండనే ఉంటాయి. యూట్యూబ్‌లో దొరికేవి, టౌన్లో రెడీమేడ్‌గా అమ్మేవి వద్దు. వేములవాడ దగ్గర హనుమాజీపేట జెడ్పీ హైస్కూల్ పిల్లవాడు వడ్లు సంచుల్లోకి ఎత్తడానికి మనుషులు పడే అవస్థ చూసి, సంచి నింపే యంత్రం చేసి జాతీయ స్థాయి దాకా వెళ్లాడు. ఐడియా వచ్చింది కళ్లంలో. మీ జిల్లా కూడా వరి జిల్లానే. ముందు చెప్పిన చిరాకు చీటీలు ఇక్కడ కూడా పనికొస్తాయి, ఈసారి “ఇంట్లో, పొలంలో” అని అడగండి. ఐదు దొరక్కపోతే రెండే పంపండి.

లైబ్రరీ బీరువా ఎంచుకున్నారనుకోండి, అక్కడ అసలు అడ్డం పుస్తకం పోతే ఆ డబ్బు టీచరు దగ్గర రికవరీ చేస్తారన్న భయం. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన పుస్తకాలు అలాగే ఉండనివ్వండి. ఊళ్లోవాళ్లు, పాత విద్యార్థులు ఇచ్చినవీ, జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి లాంటి పత్రికలూ విడిగా ఒక అట్టపెట్టెలో పెట్టి పిల్లల చేతికి ఇచ్చేయండి. వాటి లెక్క పిల్లలే రాసుకుంటారు. కొన్ని పోతాయి, పోనివ్వండి. పోయిన పుస్తకం ఎవరో చదువుతున్నట్టే లెక్క.

బ్యానర్ల మీద డబ్బు పెట్టొద్దని హెచ్.ఎం. గారితో కాస్త గట్టిగానే చెప్పండి. గ్రాంటు ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తెలియదు. వచ్చినదాంట్లో మొదటి ఖర్చు ఫ్లెక్సీ కావడం అలవాటైపోయింది. పర్యావరణ దినోత్సవానికి ప్లాస్టిక్ ఫ్లెక్సీ ఏంటని తొమ్మిదో తరగతి పిల్లలే అడుగుతారు, మనం అడగనివ్వాలే గానీ. ఒకటే తెల్ల గుడ్డ కుట్టించి, దాని మీద బడి పేరు రాయించి, దినం పేరున్న కాగితం పిన్ను పెట్టుకోండి. ఫొటో అడిగితే పంపండి. జరిగిన పని ఫొటో అయితే గ్రూపులో పెట్టడానికి సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

బాధ్యత వద్దనొచ్చా అని అడిగారు. అనొచ్చు, కానీ ఇప్పుడు అంటే ఆ ఏడు రిజిస్టర్లు ఇంకొకరి టేబుల్ మీదికి చేరి పాత పద్ధతిలోనే నిండుతాయి. దసరా వరకు చూడండి. అప్పటికి శనివారం పీరియడ్ మీకు సరిగ్గా దక్కక, మీరు గుర్తు చేస్తే తప్ప పిల్లలు రాకపోతే, సెలవుల తర్వాత హెచ్.ఎం. గారికి కాగితం మీద రాసి ఇచ్చి తప్పుకోండి, ఎవరూ తప్పు పట్టరు. అలా కాక మీరు సెలవు పెట్టిన రోజు కూడా ఎవరో ఒకరు మడికి నీళ్లు మళ్లించి ఉంటే, వచ్చే ఏడాది ఇంకో టీచరును జత ఇవ్వమని అడగండి. సోషల్ సార్ అయితే మంచిది. నీడ కర్ర దగ్గర అక్షాంశాలు చెప్పడానికి ఆయన ఎలాగూ కావాలి.